పళ్లొస్తున్న 7 నెలల బాబు కొరుకుతున్నాడు, చుట్టూ చూస్తూ సరిగ్గా తాగట్లేదు. రొమ్ముపాలు మాన్పించాలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: బాబుకు 7 నెలలు. కింద రెండు పళ్లు వచ్చేశాయి, పైన చిగురు ఉబ్బి ఉంది. రొమ్ము పట్టిన రెండు నిమిషాలకే ఫ్యానో, టీవీయో, అక్క గొంతో వినపడి తల తిప్పేస్తాడు, చనుమొన మాత్రం వదలడు. వారంలో మూడుసార్లు కొరికాడు, అందులో రెండు నిద్రపోయేటప్పుడే, ఒకసారి రక్తం కూడా వచ్చింది. పగలంతా అరకొరగా తాగి రాత్రి నాలుగైదుసార్లు లేస్తున్నాడు. "పళ్లొచ్చాక ఇంకెందుకు, డబ్బా పాలు పట్టు" అని మీ అత్తయ్యగారు అంటున్నారు. మీరేమో త్వరలో ఆఫీసుకు వెళ్లాలి. చిగుళ్లకు జెల్ రాయొచ్చా అని కూడా అడిగారు.

సూటిగా జవాబు: మాన్పించాల్సిన పని లేదు. జెల్ వద్దు. పాలు లాగి మింగుతున్నంతసేపు బాబు కొరకలేడు. కొరికాడంటే ఆ క్షణానికి తాగడం ఆపేశాడని అర్థం. తాగడం ఎప్పుడు ఆగుతోందో కనిపెట్టి ఆ వెంటనే రొమ్ము తీసేస్తే కొరుకుడు చాలావరకు తగ్గిపోతుంది. దిక్కులు చూడటం ఈ వయసులో మామూలే, దానికి గదినీ వేళనూ మార్చాలి.

కొరకలేడని ఎందుకంటున్నానంటే, పట్టు సరిగ్గా ఉన్నప్పుడు నాలుక కింది చిగురు దాటి ముందుకొచ్చి రొమ్ము కింద దోనెలా అమరుతుంది. కింది పళ్లు ఆ నాలుక కిందే ఉండిపోతాయి. చనుమొన పళ్ల దగ్గర ఉండదు, అంగిలి మెత్తబడే చోటికి దగ్గరగా, బాగా లోపలికి వెళ్తుంది. కొరకాలంటే ముందు నాలుకను వెనక్కి లాక్కోవాలి. నాలుక వెనక్కి వెళ్తే పాలు రావు. అందుకే తాగడం, కొరకడం ఒకేసారి జరగవు.

పై పళ్లు వచ్చాక రొమ్ము మీద పళ్ల గుర్తులు పడుతుంటాయి. నొప్పి లేకుండా కాసేపట్లో మాసిపోయే గుర్తయితే వదిలేయండి. రోజూ అదే చోట గీసుకుపోయి మండుతుంటే మాత్రం పట్టు జారి చనుమొన మొదట్లోకి వచ్చేస్తోందని అర్థం. అప్పుడు ఒళ్లో పెట్టుకునే తీరు సరిచూసుకోవాలి. బాబు పొట్ట మీ పొట్టకు ఆని ఉండాలి, ముక్కు చనుమొనకు ఎదురుగా ఉండాలి, గడ్డం రొమ్ముకు బాగా ఆనాలి. తల వెనక భాగాన్ని చేత్తో నొక్కి పట్టుకోకండి. అరచెయ్యి భుజాల మధ్య ఉంటే తల కొంచెం వెనక్కి వాలుతుంది, నోరు పెద్దదిగా తెరుచుకుంటుంది. 7 నెలల పిల్లాడు ఏడెనిమిది కిలోలు ఉంటాడు. దిండు లేకుండా చేతి మీద మోస్తే అయిదు నిమిషాలకు మీకు తెలియకుండానే చెయ్యి కిందికి దిగుతుంది, దాంతో పట్టూ జారుతుంది. పుట్టినప్పుడు వాడిన దిండును చాలామంది ఈపాటికి అటకెక్కించేస్తారు. దాన్ని మళ్లీ దించండి.

కొరికింది మొదట్లోనా, మధ్యలోనా, చివర్లోనా?

ఇది చూడకుండా ఏ చిట్కా వాడినా గుడ్డిగా వాడినట్టే. కారణం వేళను బట్టి మారుతుంది.

రొమ్ము నోట్లో పెట్టగానే కొరికితే, చిగుళ్ల దురదతో కొరుకుతున్నాడు, లేదా పాలు ఇంకా చేపుకు రాలేదని విసుక్కుంటున్నాడు. ముక్కు మూసుకుపోయినా ఇలాగే చేస్తారు, ఊపిరి కోసం నాలుక వెనక్కి తీస్తారు కాబట్టి. ఇలాంటప్పుడు పాలిచ్చే ముందు రెండు మూడు నిమిషాలు చేతులు కడుక్కుని చూపుడువేలితో చిగుళ్లను కాస్త గట్టిగానే రుద్దండి, లేదా చల్లటి తడిగుడ్డ నమలనివ్వండి. కొరికే కోరిక అక్కడే తీరిపోతుంది. పాలు ఆలస్యంగా చేపుకొచ్చే తల్లులు ముందు గోరువెచ్చని గుడ్డ కాసేపు వేసుకుని, చేత్తో రొమ్మును మెల్లగా నిమిరి, నాలుగు చుక్కలు ధార కట్టేదాకా పిండి అప్పుడు పట్టించాలి. నోట్లో పెట్టగానే పాలు తగిలితే విసుగు రాదు. ముక్కు దిబ్బడ ఉంటే ఒక్కో రంధ్రంలో ఒకటి రెండు చుక్కల సెలైన్ వేసి, అయిదు నిమిషాలాగి పట్టించండి. మందు కలిపిన ముక్కు చుక్కలు కాదు, ఉత్త సెలైన్.

మధ్యలో కొరికితే రెండు అవకాశాలున్నాయి. ఒకటి, పాలు ధారగా వచ్చి పొరపోతుంటే ఆపుకోవడానికి దవడ బిగిస్తాడు. దగ్గడం, నోటి పక్కల నుంచి పాలు కారడం చూస్తే ఇదే కారణమని తెలిసిపోతుంది. మీరు వెనక్కి జారగిలబడి కూర్చుని బాబును మీ పొట్ట మీద బోర్లా పడుకోబెట్టుకుంటే ధార వేగం తగ్గుతుంది. రెండోది, మీరు రాసినట్టు, చనుమొన నోట్లో ఉండగానే తల తిప్పడం. అది నిజానికి కొరుకుడు కాదు. రక్తం వచ్చేది మాత్రం ఎక్కువగా అప్పుడే.

చివర్లో కొరకడం అన్నిటికన్నా ఎక్కువగా చూసేది. కడుపు నిండింది, లేదా ఆ వైపు ధార తగ్గింది, లేదా నిద్రలోకి జారాడు. నిద్రలో నాలుక సడలి దవడ ఒక్కసారిగా పడుతుంది, పాపం వాడికి తెలియను కూడా తెలియదు. మీ మూడు కొరుకుళ్లలో రెండు నిద్రపోయేటప్పుడే అని రాశారు కాబట్టి మీ సమస్యలో పెద్ద భాగం ఇదే.

కొరకబోయే ముందు గుర్తులు ఉంటాయి. గుటకల చప్పుడు ఆగుతుంది. చెవి ముందర కదులుతున్న దవడ నిలిచిపోతుంది, లేదా చిన్నచిన్న వణుకులా మారుతుంది. చనుమొన మెల్లగా పెదాల వైపు జారుతుంది. మెలకువగా ఉన్న పిల్లలైతే కళ్లెత్తి మీ వైపు ఒక రకంగా చూస్తారు, కొందరు నవ్వుతారు కూడా. ఆ గుర్తు కనిపించగానే తీసేయండి. మీరు ఫోను చూస్తుంటే ఇవేవీ కనపడవు. కొరుకుడు తగ్గేదాకా, ఓ వారం రోజులు, పాలిచ్చేటప్పుడు ఫోను పక్కన పెట్టండి. ఇంకా తాగుతాడేమో అనిపిస్తే తీయడానికి ముందు రొమ్మును అరచేత్తో కాసేపు నొక్కి పట్టుకోండి. ధార పెరిగి మళ్లీ గుటకలు మొదలైతే సరే. మొదలు కాకపోతే రెండో వైపుకు మార్చండి. ఈ వయసు పిల్లలు అయిదు నుంచి పది నిమిషాల్లో తాగేయగలరు, నెలలోపు పసికందులా అరగంట పట్టదు. "ఇంకా ఇరవై నిమిషాలు కాలేదే" అని బలవంతంగా పట్టి ఉంచడం వల్లే చాలా కొరుకుళ్లు.

కొరికేశాక ఏం చేయాలి

లాగకండి. బిగించిన పళ్ల మధ్య నుంచి లాగితేనే చీలుతుంది. చిటికెన వేలిని పెదవి మూల నుంచి చిగుళ్ల మధ్యకు పోనిచ్చి, వేలు అలాగే ఉంచి, రొమ్ము పూర్తిగా బయటికి వచ్చాకే వేలు తీయండి. వేలు ముందే తీసేస్తే మళ్లీ పడుతుంది దెబ్బ. గోరు కత్తిరించుకుని ఉండాలి. బిగింపు ఎక్కువై వేలు దూరకపోతే బాబును మీ వైపు దగ్గరగా హత్తుకోండి. ముక్కు రొమ్ముకు ఆనగానే ఊపిరి కోసం నోరు తెరుస్తాడు. ఇది ఒక్క క్షణం పని, అంతకు మించి అదిమి ఉంచకూడదు.

అరుపు రావడం సహజం, దాన్నెవరూ ఆపలేరు. కానీ కావాలని గట్టిగా అరవడం, చెంప మీద కొట్టడం, ముక్కు పిండటం చేయొద్దు. కొందరు పిల్లలు ఆ అరుపుకు బెదిరి రొమ్ము దగ్గరికే రాకుండా రెండు మూడు రోజులు మొండికేస్తారు. ఇంకొందరికి అదో ఆట అయిపోతుంది, మళ్లీ అరిపించడానికి కొరుకుతారు. అందుకే నవ్వడమూ పనికిరాదు. మామూలు గొంతుతో "కొరకొద్దు" అని, రొమ్ము మూసేసి, ఒక నిమిషం పాటు మీ పక్కనే చాప మీద కూర్చోబెట్టి నమలడానికి ఏదో ఒకటి చేతికివ్వండి. ఆకలి ఉంటే మళ్లీ అడుగుతాడు, అప్పుడు ఇవ్వండి. ప్రతిసారీ ఒకేలా చేస్తే చాలామంది పిల్లలు కొద్దిరోజుల్లోనే "కొరికితే పాలు పోతాయి" అని పట్టేస్తారు. ఇంట్లో నలుగురూ నాలుగు రకాలుగా స్పందిస్తే మాత్రం సాగుతుంది.

వేపాకు నూరి రాయమని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అది పూర్తిగా మాన్పించడానికి మన ఇళ్లలో వాడే పద్ధతి. కొరుకుడు మానాలని రాస్తే కొరుకుడుతో పాటు పాలూ మానేస్తాడు. 7 నెలలకు అది మనకు కావలసింది కాదు.

దిక్కులు చూసే పిల్లాడికి పాలివ్వడం

నాలుగైదు నెలలు దాటాక దూరంగా ఉన్నవి స్పష్టంగా కనిపించడం మొదలవుతుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య కూర్చోవడం, పాకడం కూడా తోడై ఈ గోల పతాక స్థాయికి చేరుతుంది. పాలు నచ్చకో, పాలు చాలకో కాదు. "నీ పాలు తగ్గాయేమో, అందుకే వదిలేస్తున్నాడు" అని ఇంట్లో మొదలయ్యే అనుమానం ఇక్కడే పుడుతుంది. గుటకలు వినిపిస్తున్నాయా, 24 గంటల్లో ఆరు అంతకంటే ఎక్కువసార్లు మూత్రం పోస్తున్నాడా, నెలనెలా బరువు పెరుగుతున్నాడా అన్నవే చూడాలి. రొమ్ము మెత్తగా ఉండటం ఈ వయసులో పాలు తగ్గిన గుర్తు కాదు.

పగలు కనీసం మూడు నాలుగుసార్లు వేరే గదిలో, తలుపు వేసి, కర్టెన్ దించి ఇవ్వండి. ఫ్యాను తిరుగుతున్నా పర్వాలేదు. కానీ దాన్ని చూడాలని మెడ తిప్పే పిల్లాడైతే పక్కకు తిరిగి పడుకుని ఇవ్వండి, అప్పుడు పైకప్పు కంట పడదు. ఫ్యాను చప్పుడు బయటి మాటలను కొంచెం కప్పేస్తుంది, అదొక లాభం. కూర్చుని ఇస్తే బాబు ముఖం గోడ వైపుండేలా, వీపు తలుపు వైపుండేలా కూర్చోండి. చీర కొంగో దుపట్టానో కప్పడం కొందరికి పనిచేస్తుంది. లాగి పారేసే పిల్లలకు మాత్రం అదే కొత్త ఆట.

అక్క విషయం. వెనక నుంచి పిలిస్తే తల తిప్పుతాడు. ఎదురుగా, వాడి చూపు పడే చోటే కూర్చోబెడితే తిప్పాల్సిన అవసరం ఉండదు. బొమ్మల పుస్తకం ఇచ్చి మీ మోకాలి దగ్గర కూర్చోమనండి. గదిలోంచి పంపించేస్తే తలుపు కొడుతుంది, అది ఇంకా అధ్వాన్నం.

చేతులకు పని కావాలి. నల్లపూసలు లాగే పిల్లలు చాలామంది. పాలిచ్చేటప్పుడు వాటిని జాకెట్టు లోపలికి తోసేయండి, తెగిన పూస గొంతులోకి పోతే ప్రమాదం. బదులుగా ముడి వేసిన జేబురుమాలు ఒకటి చేతికివ్వండి, దాన్ని పట్టుకుని తిప్పుతూ తాగుతాడు. మెల్లగా ఒకే రాగంలో ఏదైనా కూనిరాగం తీస్తే కొందరు ఆగి వింటూ తాగుతారు. నిలబడి ఎత్తుకుని నడుస్తూ ఇస్తే తాగేవాళ్లూ ఉన్నారు, నడుము నొప్పి లేకపోతే ప్రయత్నించండి.

అన్నిటికన్నా బాగా పనిచేసేది వేళ. నిద్ర లేచిన మొదటి అయిదు నిమిషాలు, నిద్రపోయే ముందు పది నిమిషాలు: ఈ రెండు సందుల్లో పిల్లాడికి లోకం మీద అంత ఆసక్తి ఉండదు. రోజుకు రెండు మూడు కునుకులు తీస్తే అక్కడే నాలుగైదుసార్లు గట్టిగా తాగే అవకాశం దొరుకుతుంది. స్నానం తర్వాత కూడా మంచి వేళే. ఆకలి మరీ మండిపోయేదాకా ఆగితే ఓపికగా పట్టడు, అసలు ఆకలే లేకుండా పెడితే ఆడతాడు. రెండున్నర, మూడు గంటలకోసారి చూపించండి. అయిదు పది నిమిషాలు ప్రయత్నించాక వద్దంటే వదిలేయండి. అరగంట తర్వాత మళ్లీ చూపించండి. ఇల్లంతా వెంటపడి నోట్లో కుక్కడం మొదలుపెడితే రొమ్ము చూడగానే వీపు విల్లులా విరిచే అలవాటవుతుంది.

తల తిప్పినప్పుడు ఏం చేయాలో ముందే నిర్ణయించుకోండి: తలతో పాటు చనుమొన వెళ్లకూడదు. మెడ కదలడం చూడగానే వేలు పెదవి మూలకు చేరాలి. ఎటు చూస్తున్నాడో అటు చూడనివ్వండి, పది సెకన్లలో తిరిగి వస్తాడు, మళ్లీ నోరు పెద్దగా తెరిపించి పట్టించండి. ఒక్క పూటలో నాలుగైదుసార్లు ఇలా చేయాల్సి రావచ్చు. విసుగే, కానీ పుండు కన్నా నయం.

రాత్రి నాలుగైదుసార్లు ఎందుకు లేస్తున్నాడు? పగలు తగ్గిన పాలు రాత్రి పూడ్చుకుంటున్నాడు. చీకటి, నిశ్శబ్దం, అమ్మ పక్కనే. వాడికి ఇంతకన్నా మంచి చోటు ఏది? రాత్రి పాలు ముందుగా కోసేయకండి. నాలుగైదు రోజులు పగటి పాలు పైన చెప్పినట్టు పెంచండి, మీరు పడుకునే ముందు పది, పదకొండు గంటలప్పుడు సగం నిద్రలో ఉండగానే ఒకసారి పట్టించండి. రాత్రి మెలకువలు వాటంతట అవే ఒకటి రెండు తగ్గుతాయి. పూర్తిగా పోతాయని మాత్రం ఆశించొద్దు, పై పళ్లు దిగే వారంలో మళ్లీ పెరుగుతాయి.

ఇది ఒక్కసారితో అయ్యేదీ కాదు. కింది ముందు పళ్లు సాధారణంగా 6–10 నెలల మధ్య, పై ముందు పళ్లు 8–12 మధ్య, పై పక్క పళ్లు 9–13, కింది పక్క పళ్లు 10–16 నెలల మధ్య వస్తాయి. ఒక్కో విడతలో పన్ను చిగురు చీల్చే ఆ కొద్దిరోజులే కష్టం.

చిగుళ్ల నొప్పికి

మందుల దుకాణంలో దొరికే మొద్దుబార్చే జెల్స్ రాయకండి. బెంజోకైన్ ఉన్న జెల్స్ రెండేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది. రక్తం ఆక్సిజన్ మోయలేని ఒక అరుదైన, ప్రాణాంతకమైన స్థితి రావచ్చని కారణం. అలాగే మొద్దుబార్చే లిడోకైన్ ద్రావణాల మీద అంతకు ముందే, 2014లో, హెచ్చరిక ఉంది. పాలిచ్చే తల్లికి ఇంకో ఇబ్బంది కూడా. జెల్ రాసి రొమ్ము పట్టిస్తే నాలుకా మొద్దుబారుతుంది, మీ చనుమొనా మొద్దుబారుతుంది. పట్టు చెడుతుంది, పాలూ సరిగ్గా రావు. పళ్ల కోసమని అమ్మే హోమియో మాత్రలు కూడా అక్కర్లేదు. కొన్నిటిలో బెల్లడోనా అనే విషమొక్క సారం మోతాదు ఉండాల్సిన దానికన్నా ఎక్కువగా ఉందని 2017లో తేలింది. చిగుళ్లకు తేనె రాయడం మన దగ్గర మామూలే కానీ, ఏడాది లోపు తేనె వద్దు, బొటులిజం (కండరాలు చచ్చుబడే విషజబ్బు) ప్రమాదం ఉంది. మెడలో వేసే అంబర్ పూసల దండలు ఆన్‌లైన్‌లో తెగ అమ్ముతున్నారు. అవి నొప్పి తగ్గిస్తాయో లేదో పక్కన పెట్టండి, మెడకు బిగుసుకోవచ్చు, తెగితే గొంతుకు అడ్డం పడొచ్చు.

పనికొచ్చేవి చాలా మామూలువి. శుభ్రమైన మెత్తటి నూలు గుడ్డ తడిపి, పిండి, ఫ్రిజ్‌లో అరగంట పెట్టి ఇవ్వడం. గట్టి రబ్బరు లేదా సిలికాన్ టీథర్ (నమిలే బొమ్మ) అయితే ఫ్రిజ్‌లో పెట్టండి, ఫ్రీజర్‌లో కాదు. గడ్డకట్టినది చిగురుకు తగిలితే గాయమవుతుంది. లోపల నీళ్లు నింపిన టీథర్లు పన్ను వచ్చాక చిల్లుపడతాయి, వాటిని తీసేయండి. పచ్చి క్యారెట్ ముక్క నమలమని ఇవ్వొద్దు, పన్నుతో చిన్న ముక్క విరిగి గొంతులో ఇరుక్కుంటుంది.

రాత్రి నిద్రపోలేనంత బాధ ఉంటే పారాసెటమాల్ వాడొచ్చు, మీ పిల్లల డాక్టర్ని అడిగి. కిలో బరువుకు 10–15 మి.గ్రా., ఆరు గంటల ఎడంతో, 24 గంటల్లో నాలుగుసార్లకు మించకుండా. 8 కిలోల బాబుకు ఒక్కో మోతాదు 80–120 మి.గ్రా. ఇక్కడ జరిగే ప్రమాదం ఒకటుంది: పారాసెటమాల్ డ్రాప్స్‌లో సాధారణంగా 1 మి.లీ.కు 100 మి.గ్రా. ఉంటుంది, సిరప్‌లో 5 మి.లీ.కు 125 లేదా 250 ఉంటుంది. పెద్ద పిల్లకు వాడిన సిరప్ అలవాటుతో డ్రాప్స్‌ని 5 మి.లీ. పోస్తే ఒక్కసారే 500 మి.గ్రా. పడుతుంది. సీసా మీద అంకె చదివి, దాంతో వచ్చిన డ్రాపర్‌తోనే కొలవండి. రోజుల తరబడి వాడే మందు కాదిది.

చొంగ కారడం, చిరాకు, చెంప రుద్దుకోవడం పళ్ల వల్ల వస్తాయి. 100.4 ఫారెన్‌హీట్ లేదా అంతకు మించిన జ్వరం, నీళ్ల విరేచనాలు, వాంతులు పళ్ల వల్ల రావు. "పళ్లొచ్చే జ్వరంలే" అని రెండు రోజులు ఆగి, చివరికి చెవి ఇన్ఫెక్షనో మూత్రం ఇన్ఫెక్షనో అని తేలిన పిల్లలు తక్కువేమీ కాదు. పడుకోబెట్టి పాలిస్తే ఏడ్చి, నిటారుగా ఎత్తుకుని ఇస్తే తాగుతున్నాడంటే ముందు చెవి చూపించండి.

రక్తం వచ్చిన వైపు

పాలిచ్చాక మంచినీళ్లతో కడిగి, రెండు చుక్కల పాలు రాసి ఆరనివ్వండి. శుద్ధి చేసిన లానోలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే మైనం) పలచగా రాసుకోవచ్చు, దాన్ని తుడవకుండానే పాలివ్వొచ్చు. పళ్లొచ్చేటప్పటి చొంగ, అందులో మిగిలిన ఉగ్గు మెతుకులు పుండును మండిస్తాయి కాబట్టి అన్నం తినిపించిన వెంటనే పట్టించకండి, ముందు నోరు తుడవండి. మొదట నొప్పి లేని వైపు ఇచ్చి, పాలు చేపుకొచ్చాక రెండో వైపు మార్చండి. అసలు తట్టుకోలేకపోతే ఒక రోజు ఆ వైపు విశ్రాంతినిచ్చి, బాబు తాగే వేళలకే చేత్తో పిండేయండి. పిండకుండా వదిలేస్తే గడ్డకడుతుంది. పాలల్లో కాస్త రక్తం కలిసినా బిడ్డకు హాని లేదు. రొమ్ములో ఒక భాగం ఎర్రగా, వేడిగా గట్టిపడి చలిజ్వరం వస్తే, లేదా పుండులో చీము కనిపిస్తే ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆ మందులు వాడుతూ పాలివ్వడం కొనసాగించొచ్చు. పుండు మానినా చురుకుచురుకుమనే మంట, బాబు బుగ్గల లోపల తుడిచినా పోని తెల్లటి పూత ఉంటే అది ఫంగస్ కావచ్చు. ఇద్దరికీ ఒకేసారి మందు వాడాలి, ఒకరికే వాడితే తిరగబెడుతుంది.

ఒక్కసారిగా మొండికేస్తే

వాడు కొరికినప్పుడు మీరు అరిచాకో, జలుబు చేశాకో, కొన్నిసార్లు మీ సబ్బు, తలనొప్పి బామ్ వాసన మారాకో, నెలసరి తిరిగి మొదలయ్యాకో హఠాత్తుగా రొమ్ము వద్దంటారు. ఏడాది లోపు పిల్లలు తమంతట తాము పాలు మానేయడం చాలా అరుదు, కాబట్టి దీన్ని "వాడే మానేశాడు" అనుకోవద్దు. ఎక్కువ మందికి రెండు నుంచి నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది. అప్పటిదాకా వాడు తాగే వేళలన్నిటికీ పిండి, ఉగ్గుగిన్నెతోనో చిన్న గ్లాసుతోనో పట్టించండి. సీసాతో పట్టిస్తే దాని రబ్బరు నమిలే అలవాటు రొమ్ము దగ్గరికీ వస్తుంది. చొక్కా లేకుండా ఒంటికి ఆనించుకుని పడుకోండి, నిద్రమత్తులో ఉన్నప్పుడు మాత్రమే చూపించండి.

అన్నం, బరువు

అన్నప్రాశన అయ్యాక ఇంట్లో ఉత్సాహం పెరిగి ఉగ్గు, రాగి జావ గిన్నెల కొద్దీ పెడతారు. 6–8 నెలల మధ్య బయటి ఆహారం నుంచి రావాల్సింది రోజుకు 200 క్యాలరీల దాకా మాత్రమే, మిగిలిందంతా పాలే. రెండు మూడు పూటలు, ఒక్కోసారి రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టి అరకప్పు దాకా. పాలు ముందు, అన్నం ముప్పావు గంటో గంటో తర్వాత. పల్చటి జావ కడుపు నింపుతుంది గానీ బలం ఇవ్వదు. చెంచా వంచితే జారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. పళ్లు నొప్పిగా ఉన్న రోజుల్లో అన్నం తగ్గి పాలు పెరిగితే కంగారుపడొద్దు.

డబ్ల్యూహెచ్‌ఓ చార్టులో మగపిల్లల మధ్యస్థ బరువు 6 నెలలకు 7.9 కిలోలు, 9 నెలలకు 8.9. ఆడపిల్లలకు 7.3, 8.2. అంటే ఈ దశలో నెలకు 300 గ్రాములకు అటూ ఇటూ. మొదటి మూడు నెలల్లోలా పెరగడం లేదని డబ్బా కొనేయకండి. మీ బాబు గీత ముందు నుంచి ఎలా వెళ్తోందో తల్లీబిడ్డల కార్డులో చూసుకోండి. గీత చదునుగా అయిపోయినా, కిందికి వంగినా డాక్టర్ని కలవాలి. బరువు అంగన్‌వాడీలో ప్రతిసారీ అదే తూకం మీద చూపిస్తే తేడా సరిగ్గా తెలుస్తుంది.

ఆఫీసు

ప్రసూతి సెలవు 26 వారాలు, అది సరిగ్గా పళ్లూ దిక్కులు చూడటమూ మొదలయ్యే నెలల్లో అయిపోతుంది. మీరు కొంచెం అదనంగా తీసుకున్నా పరిస్థితి అదే. బిడ్డకు 15 నెలలు వచ్చేదాకా పని వేళల్లో పాలివ్వడానికి రెండు విరామాలు చట్టమే ఇస్తోంది, హెచ్ఆర్‌ని రాతపూర్వకంగా అడగండి. బయల్దేరే ముందు ఒకసారి, ఇంటికి రాగానే ఒకసారి నిశ్శబ్దంగా ఇవ్వండి. వచ్చే అరగంట ముందు ఇంట్లోవాళ్లు ఏమీ తినిపించకుండా ఉంటే చాలు, గట్టిగా తాగుతాడు. మధ్యలో మూడు గంటలకోసారి పిండండి. పిండిన పాలు 25 డిగ్రీల దాకా ఉన్న గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు నిలుస్తాయి. మన ఎండాకాలంలో గది లెక్క మరచిపోయి, పిండగానే ఫ్రిజ్‌లోనో ఐస్ ప్యాకులున్న సంచిలోనో పెట్టండి. మీ అత్తయ్యగారి చేతికి డబ్బా బదులు ఉగ్గుగిన్నె, ఈ పాలూ ఇచ్చి పట్టమనండి. ఆవిడ మన తరం కన్నా ఉగ్గుగిన్నె బాగా పట్టగలరు.

మూడు రోజులు ఓ కాగితం మీద ఇవి రాసుకోండి: కొరికింది ఏ వేళ, పట్టగానేనా చివర్లోనా, ఏ వైపు, గదిలో ఎవరున్నారు, మూత్రం ఎన్నిసార్లు. నేను చెప్పినవి చేశాక కూడా తగ్గకపోతే ఆ వివరాలు ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.